మరమ్మతు గడి ఖాళీ

"ఎవరండీ మీరు? లోపలికెలా వచ్చారు?" కొత్త అకౌంటెంటు గద్దించాడు.

కాగితాలు కోసే మిషను పక్కన గొంతుక్కూర్చున్న ముసలాయన నూనె డబ్బా కింద పెట్టాడు.

"శనివారం శనివారం వస్తాను బాబూ. కాస్త నూనె వేసి, బోల్టులు బిగించి పోతాను."

"రేపు వేలు తెగితే మా మెడకు చుట్టుకుంటుంది. ఇక రాకండి!"

ముసలాయన లేచాడు. మిషనును ఒకసారి తడిమి, డబ్బా సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

అమ్మయ్య అనుకుని, అకౌంటెంటు తరుగుదల లెక్కలో పడ్డాడు.

మిషనుకు పదేళ్ల ఆయుష్షు కట్టి, ఏటా పదోవంతు విలువ తగ్గిస్తూ వచ్చారు. పదేళ్లూ నిండాయి. పుస్తకంలో విలువ సున్నా, మిషను మాత్రం నిక్షేపంలా తిరుగుతోంది. మరమ్మతు ఖర్చుల గడి చూస్తే, ఇన్నేళ్లలో ఒక్క పైసా లేదు!

"ఉక్కుపిండం సార్ ఇది! ఇంకో ఐదేళ్లు ఢోకా లేదు. కొత్తది కొనకుండా ఆ పెద్ద ఆర్డరు పట్టేద్దాం," అన్నాడు యజమానితో.

"నీ మాట మీదే సంతకం పెడుతున్నానయ్యా. తేడా వచ్చిందో, నువ్వు ఇంటికే!"

యాభై వేల నోటుపుస్తకాల ఆర్డరు అది.

నాలుగో వారం మిషను కీచుమంది. ఆరో వారం ఆగిపోయింది.

ముగ్గురు మెకానిక్కులు వచ్చి, తల గోక్కుని వెళ్లారు. "లోపల పళ్లచక్రం అరిగిపోయింది. తయారుచేసిన కంపెనీ మూతపడి ఏడేళ్లయింది, పార్టులు దొరకవు."

అకౌంటెంటు వాచ్‌మన్‌తో గోడు వెళ్లబోసుకున్నాడు.

"ఆ ముసలాయనుంటే బాగుండేది సార్," అన్నాడు వాచ్‌మన్. "పార్టులు కూడా ఆయనే చేసుకొచ్చేవాడు."

"మరి జీతమెంత ఇచ్చేవాళ్లు?"

"జీతమా! టీ ఇచ్చినా తాగేవాడు కాదు."

"ఎక్కడుంటాడు?"

"తెలీదు సార్. మీరొద్దన్నాక మళ్లీ కనబడలేదు."

ఆఖరి ఆశగా మిషను కొన్నప్పటి బిల్లు వెతికి తీశాడు. మిషను చేసిన కంపెనీ యజమాని సంతకం పైన చేత్తో రాసి ఉంది: 'ఈ మిషను తిరిగినన్నాళ్లూ దీని బాగోగులు నావి.'

ఏ మూలో ఆశ. బిల్లు మీది నంబరుకు ఫోన్ చేశాడు. ఒకావిడ ఎత్తింది. అతను మిషను సంగతి చెప్పాడు.

"మీరేనా! మీ ఫోన్ కోసమే చూస్తున్నానండీ. నాన్నగారు పోయి పదిరోజులైంది," అందావిడ. "కంపెనీ మూసేసినా, అమ్మిన మిషన్లను శనివారాలు చూసొచ్చేవారు. మీది ఆగిపోయే వేళైందని, పళ్లచక్రం ఒకటి చేసి పెట్టి వెళ్లారు."