మూడో కారు

మొదటి కారు కొన్నరోజు ఆదికేశవన్ షోరూము నుంచి నేరుగా ఇంటికి రాలేదు. వీధి మొదట్లో ఆపాడు. పూలదండ సర్దాడు. అద్దాలు మళ్ళీ ఒకసారి తుడిచాడు. అప్పుడు మెల్లగా వీధిలోకి తిప్పి, ఇంటిముందు ఆపి, రెండుసార్లు హారన్ కొట్టాడు.

ఆ హారన్ ఇంట్లోవాళ్ళ కోసం కాదు. ఎదురింటి కోసం.

ఎదురింటి రఘునాథన్ పెద్ద ఇంజనీరుగా చేసి రిటైరయినవాడు. ఒకప్పుడు వీధి మొత్తానికి కారున్నది ఆయనకే. ఆ రోజుల్లో ఆదికేశవన్ సైకిలు వెనక చీరల మూటలు కట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. ఒక వానాకాలం రఘునాథన్ కారు గుంటలో పడి లేచి, మూటల మీద బురద చిమ్మింది. ఆయన అద్దం దించి, ఆదికేశవన్‌ను పైనుంచి కిందిదాకా ఒక చూపు చూసి, మళ్ళీ అద్దం ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

బురద ఉతికితే పోయింది. ఆ చూపు పోలేదు.

ఇప్పుడు ఆదికేశవన్‌కు పెద్ద మార్కెట్టు పక్కన సొంత జవుళి కొట్టు ఉంది. ఇంతలో రఘునాథన్ ఉన్నట్టుండి తన కారు అమ్మేశాడు. ఎందుకని అడిగినవాళ్ళకు బదులు చెప్పలేదు. పెద్దాయన చితికిపోయాడని వీధి తీర్పు చెప్పేసింది. ఆ వారంలోనే ఆదికేశవన్ షోరూము మెట్లెక్కాడు.

హారన్ మోగినా రఘునాథన్ అరుగు మీద వాలుకుర్చీలో, ముఖానికి అడ్డంగా పేపరు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఆదికేశవన్ దిగి, తలుపు అవసరానికి మించిన చప్పుడుతో వేసి, దగ్గరకెళ్ళి నమస్కారం సార్ అన్నాడు.

"ఏమప్పా ఆదికేశవా, నీ స్కూటర్ సద్దే వినబళ్ళేదు. అమ్మేసినావా ఏంది?"

కొత్త కారు నాలుగడుగుల దూరంలో మెరుస్తుంటే స్కూటర్ సంగతి అడుగుతాడా మనిషి! ఆ పూట ఆదికేశవన్‌కు అన్నం సహించలేదు. చిన్న కారు కాబట్టే ఆయన కంటికి ఆనలేదని భార్య తిలగంతో అన్నాడు.

తిలగం వేరే సంగతి అడిగింది. కొట్టు రెండు వీధుల అవతలే ఉంది. మార్కెట్టు దగ్గర సైకిలు నిలపడానికే చోటు లేదు. మరి ఈ కారు ఎక్కడికి పోవడానికి? కారు రోజూ పొద్దున బీచ్ రోడ్డుదాకా పోయి తిరిగొచ్చేది. దాన్ని ఇంటిముందు నిలబెట్టి, ఆదికేశవన్ కొట్టుకు నడిచిపోయేవాడు.

ఏడాది తిరగకముందే రెండో కారు వచ్చింది. బీచ్ రోడ్డు ఆ చివర నిలబడినా కనబడేంత ఎరుపు. దాన్ని సరిగ్గా రఘునాథన్ అరుగుకు ఎదురుగా ఆపి, ఆదివారమంతా పాలిష్ పెట్టించాడు. పేపరు కిందికి దిగలేదు. మధ్యాహ్నానికి రఘునాథన్ లోపలికి తిరిగి, వీధిలో ఏందో కంపు కొడతా ఉండాది, తలుపులు మూయమని భార్యకు చెప్పాడు. ఆదికేశవన్ చెవులు కారు రంగుకు తిరిగాయి.

సాయంత్రాలు రఘునాథన్ దంపతులు గుడికి పోయేవారు. భార్య అలివేలుమంగ ఆయన చేయి పట్టుకుని నడిచేది. ఈ వయసులో ఈ సరసమేందని కారులోంచి చూసి ఆదికేశవన్ నవ్వాడు. పక్కన కూర్చున్న తిలగం నవ్వలేదు.

"మీరు ఒక దినమన్నా నా చెయ్యి పట్టుకోని నడిచినారా?" అంది.

మూడో కారు కోసం తిలగం పుట్టింటివాళ్ళు ఇచ్చిన అరియాంకుప్పం ఊళ్ళోని కొబ్బరితోట అమ్మాల్సివచ్చింది. ఆమె సంతకం పెట్టింది.

అది కారు కాదు, చక్రాలున్న మేడ. ఎక్కడానికి మెట్టు కావాలి. వీధిలో అది నిలిస్తే పాలవాడు పక్కకి తిరిగి నడవాలి. ఒక చక్రం కాలువ మీది రాతిపలకను విరిచింది. ఆటోవాళ్ళు వీధి మొదట్లోనే తిట్టి వెనక్కి పోయేవారు.

ఆ ఆటోల మూలంగానే ఒక ఉదయం అలివేలుమంగ ఇటు వచ్చింది. ఆయన్ను ఆసుపత్రికి తీసుకుపోవాలనీ, ఆటో లోపలికి రాలేకపోతోందనీ, నీ కారులో దించుతావా నాయినా అనీ అడిగింది.

ఆదికేశవన్‌కు పండగ వచ్చినట్టయింది. జరీ పంచె కట్టాడు. సీట్ల మీద అత్తరు చల్లాడు. గుమ్మంలో నిలబడి చూడమని తిలగాన్ని పిలిచాడు. వెనక తలుపు బార్లా తెరిచి పట్టుకున్నాడు. చీరల మూటల నాటి నుంచి ఈ నిమిషం కోసమే బతికినట్టు నిలబడ్డాడు.

రఘునాథన్ భార్యతో కలిసి వచ్చాడు. కారు పక్కన ఆగాడు. తల ఎత్తి, ఎదురుగా ఉన్న గోడవైపు ముఖం పెట్టుకుని, నిటారుగా నిలబడ్డాడు. ఎక్కబోయే కారువైపు తల కూడా తిప్పలేదు.

ఆదికేశవన్ ఓర్పు అక్కడితో తెగింది.

"సార్, దీని కోసరం మా ఇంటిదాని తోట అమ్మినాను. ఒక్క తూరి చూస్తే మీ గొప్పేం తరిగిపోతుంది?"

అలివేలుమంగ భర్త చేతిని తలుపు పిడి మీద పెట్టి, ఆదికేశవన్‌ను కొంచెం దూరంగా తీసుకెళ్ళి, గొంతు తగ్గించింది.

"ఎవురికీ చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు నాయినా, ఆయనకి కండ్లు కనబడక మూడేండ్లాయె."