చిన్న సైకిల్‌కు గాలి

ఇగ లొల్లి ఆపి దగ్గరికి జరగుండ్రి. పిల్లల్ని ఒళ్ళె కూసోబెట్టుకోండ్రి.

ఖమ్మంల కిరాయి సైకిళ్ళ షుకూర్ భాయ్ లేడా? పెళ్ళాం ఫరహాను, బిడ్డ మెహర్‌ను తోల్కొని భద్రాచలం దాక సైకిళ్ళ మీద టూర్ బయలెల్లిండు. టేకులపల్లి దాటినంక అడవిల చీకటి పడ్డది. ఆదాము అనేటాయన చాయ్ గుడిసె పక్కన టెంటు ఏసిండ్రు. ఎవడన్న ఎత్తుకపోతడని, రోజూ దుకాణంల చేసినట్టే షుకూర్ అన్ని సైకిళ్ళ గాలి తీసేసిండు. పంపు తలకింద పెట్టుకొని పండుకున్నడు.

నడిరాత్రి బయట ఎవరో గాలి కొడుతున్న చప్పుడు. పుస్స్... పుస్స్...

షుకూర్ తలకింద తడిమిండు. పంపు ఆడనే ఉన్నది.

"ఎవడ్రా అది? కాళ్ళిరగ్గొడ్త!"

చప్పుడు ఆగింది. కీచురాళ్ళు గూడ ఆగినయ్. జరసేపటికి సైకిల్ బెల్లు మెల్లగ మోగింది.

టార్చి ఏసి చూస్తే మనిషి లేడు. పెద్ద సైకిళ్ళ టైర్లు చప్పబడే ఉన్నయ్. మెహర్ చిన్న సైకిల్ టైర్లు మాత్రం రాయి లెక్క ఉన్నయ్. అది స్టాండు లేకుండనే, ఎవరో పట్టుకున్నట్టు, అడవి దిక్కు తిరిగి నిలబడ్డది.

టెంట్ల మెహర్ లేచింది. కండ్లు మూసే ఉన్నయ్.

"అమ్మీ, చెప్పులేవి? నన్ను పిలుస్తున్నరు."

ఫరహా బిడ్డ నడుం పట్టుకున్నది. షుకూర్ ఉరికొచ్చి చేతులు పట్టుకున్నడు. అయినా గంత చిన్నపిల్ల ఇద్దర్నీ బయటికి గుంజుకపోతున్నది. బెల్లు మల్ల మోగింది, ఈసారి కోపంగ.

"ఆదామన్నా, లెవ్వు! ఎవడో గాలి కొట్టి బిడ్డను పిలుస్తున్నడు!"

గుడిసెల పండుకున్న ఆదాము దుప్పటి తియ్యకుండనే అన్నడు: "పుణ్యానికి గాలి కొడుతుంటే లొల్లెందుకు భాయ్? జర నా మోపెడుకు గూడ కొట్టమను."