నీళ్ల మీద ఎత్తకూడని మాట

"తాతా, ఆ సంచీ కింద పెట్టు. తిమింగలం షేక్‌హ్యాండిస్తే నీ చేతులు ఖాళీగా ఉండొద్దూ?"

పడవలో అందరూ నవ్వారు.

ముసలాయన కూడా నవ్వాడు. సంచీ మాత్రం ఒళ్లోంచి దించలేదు.

వేసవంతా రొసెందోకి ఇదే పని. ఎడారి అంచునున్న చన్యరాల్ రేవులో బస్సులు దిగినవాళ్లను పడవెక్కించుకుని, దీవి చుట్టూ తిప్పి, తిమింగలాలనీ పెంగ్విన్లనీ చూపించి, నాలుగు జోకులేసి ఒడ్డుకి చేర్చాలి. చలికాలం వచ్చిందంటే మళ్లీ నీళ్లలో మునిగి, రాళ్లకి అంటుకున్న నత్తల్ని ఇనుప కొక్కెంతో పెకలించాలి.

వాళ్ల నాన్న బౌదీలియోదీ ఆ పనే. రొసెందోకి అయిదేళ్లప్పుడు మునిగిన మనిషి మళ్లీ తేలలేదు. శవం దొరక్కపోతే ఏం చేస్తారో ఆ తీరంలో అందరికీ తెలుసు. ఆయన బట్టల్ని పెట్టెలో పెట్టి పూడ్చారు.

అమ్మ జునీల్దా ఇప్పటికీ అదే మాట.

"నేను పోయేలోగా ఆ మనిషిని వెతికి తెచ్చి ఆ గోతిలో పెట్టరా. బట్టల పక్కన నేను పడుకోలేను."

పడవ దీవిని చేరింది.

"అదుగో పెంగ్విన్లు! కంపు కొడుతోందని ముక్కు మూసుకోకండమ్మా, అవి చూస్తే నొచ్చుకుంటాయి."

అందరూ ఫోన్లు పైకెత్తారు.

ముసలాయన అటు చూడటమే లేదు. పడవ పక్కన వేలాడుతున్న కొక్కెం వంక చూస్తున్నాడు. దాని పిడికి ఎర్రతాడు చుట్టి ఉంది.

"బాబూ, ఆ తాడు ఎవరు చుట్టారు?"

"మా అమ్మ. చెయ్యి జారకుండా పిడికి చుట్టి, మిగిలింది మణికట్టుకి కట్టుకోవడానికి వదులుతుంది. ఆ ముడి వెయ్యడం ఈ రేవులో ఇంకెవరికీ రాదు."

ముసలాయన గొంతు సవరించుకున్నాడు.

"మీ నాన్నగారికీ ఆవిడే చుట్టేదా? ఆయన... మునిగిపోయారా బాబూ?"

రొసెందో ముఖం మాడిపోయింది. గబగబా సిలువ గుర్తు వేసుకున్నాడు. మునిగిపోయినవాళ్ల ఊసు నీళ్ల మీద ఎత్తకూడదు. ఎత్తితే సముద్రం విని ఇంకొకర్ని అడుగుతుందంటారు.

"నోరు ముయ్యి తాతా! ఏదున్నా ఒడ్డుకెళ్లాక."

"తప్పయింది బాబూ. ఒడ్డుకెళ్లాకే చెబుతాను."

అంతలో పక్కనే బుస్సుమని నీళ్లు లేచాయి. నల్లటి వీపు ఒకటి తేలి, తాపీగా మునిగింది. పడవంతా ఒకటే కేకలు. రొసెందో కూడా ముసలాయన సంగతి మరిచిపోయాడు.

ఒడ్డున తర్వాతి గుంపు సిద్ధంగా నిలబడి ఉంది.

"బాబూ, మీ అమ్మగారిని ఒక్కసారి చూడొచ్చా?"

వెనకే వచ్చాడు ముసలాయన, సంచీ గుండెకి హత్తుకుని.

"మా అమ్మేమన్నా పెంగ్వినా తాతా, చూసిపోవడానికి?"

గుంపు గొల్లుమంది. ఈసారి ముసలాయన నవ్వలేదు.

"మీకు ఖాళీ అయ్యేదాకా కూర్చుంటాను" అని రేవు మెట్టు మీద చతికిలబడ్డాడు.

రొసెందో తిరిగొచ్చేసరికి మెట్టు ఖాళీ. చేపలు వేయించే తోయా కేకేసి చెప్పింది.

"నీ కోసం చాలాసేపు చూశాడయ్యా. బస్సువాడు హారన్ మీద హారన్. మళ్లీ వస్తానని చెప్పమన్నాడు."

"పత్రికలవాడై ఉంటాడు. చచ్చినవాళ్ల కథలంటే లొట్టలేస్తారు" అన్నాడు రొసెందో.

చలికాలం పోయింది. మళ్లీ బస్సులు మొదలయ్యాయి. ఒకరోజు బస్సులోంచి నడివయసు ఆవిడ దిగింది. ఆవిడ చేతిలో అదే సంచీ.

"నా పేరు యస్నా. మా నాన్న ఎవరిస్తో మీ పడవెక్కాడట. ఇంటికి రాగానే మంచం పట్టాడు, ఇక లేవలేదు. ఇది మీ అమ్మగారి చేతికే ఇవ్వమన్నాడు."

రొసెందో ఆవిడని ఇంటికి తీసుకెళ్లాడు.

సంచీలో పాత కాగితాల పొట్లం. పొట్లంలో తుప్పుపట్టిన కొక్కెం. పిడికి వెలిసిపోయిన ఎర్రతాడు.

జునీల్దా ముడిని వేళ్లతో తడిమింది.

"నా ముడే ఇది. బౌదీలియో కొక్కెం."

"ఇది మీ నాన్నకెక్కడిది?" అన్నాడు రొసెందో.

"ఉత్తరాన ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఒక మనిషి మణికట్టుకి ఉందట. అవి మిలిటరీ పాలన రోజులు, చంపినవాళ్లని సముద్రంలో పడేసేవాళ్లు. ఒడ్డున శవం కనబడితే ఎవరిదని అడిగినవాడూ మర్నాటికి మాయమయ్యేవాడు. అందుకని ఎవరికీ చెప్పకుండా ఒక్కడే పూడ్చాడు. వయసు మీదపడ్డాక దిగులు పట్టుకుంది. ఈ ముడి పట్టుకుని రేవు రేవునా తిరిగాడు."

జునీల్దా లేచి శాలువా కప్పుకుంది. ఆవిడ ముఖం పెళ్లికూతురి ముఖంలా వెలిగిపోతోంది.

"పద తల్లీ. ఆ చోటు చూపించు."

యస్నా కళ్లనిండా నీళ్లు.

"నాకు తెలీదమ్మా. ఏటా చనిపోయినవాళ్ల పండగనాడు పూలు పట్టుకుని ఎడారి దారిన ఒక్కడే వెళ్లేవాడు. ఎవరి దగ్గరికి నాన్నా అంటే, మన చుట్టం ఒకాయన దగ్గరికి అనేవాడు. మంచం పట్టాక మళ్లీ అడిగాను. అది నోటితో చెప్తే దొరకదు, లేచాక పడవబ్బాయిని నేనే నడిపించుకెళ్తానన్నాడు."

జునీల్దా శాలువాతోనే కూలబడింది. కొక్కేన్ని ఒళ్లో పెట్టుకుని, మణికట్టు తాడుని నెమ్మదిగా తన చేతికి చుట్టుకుంటోంది.

రొసెందో అమ్మ ముఖం చూడలేకపోయాడు.

అమ్మని చూడాలన్నందుకు తను పదిమందిలో నవ్వులపాలు చేసిన ఆ ముసలాయన, ఈ భూమ్మీద నాన్న సమాధికి దారి తెలిసిన ఒకే ఒక్క మనిషి.