బీరువా వెనక గోడ

“ఒక్క ఇల్లు అమ్మి చూపించమ్మా, లైసెన్సు పరీక్షకి సంతకం పెట్టేస్తా,” అన్నాడు నాకు పని నేర్పుతున్న ఏజెంటు. ఆయన సంతకం లేనిదే పరీక్షకు కూర్చోనివ్వరు.

కొనేవాళ్ళు వచ్చేలోగా చెమ్మ దిగిన గోడకు ఇద్దరం కలిసి బీరువా ఆనించాం. ఇంట్లో లోపమేదైనా ఉంటే దాచకుండా చెప్పాలన్నది పరీక్ష కోసం నేను కంఠస్థం చేసిన మొదటి పాఠం.

వచ్చినావిడ గదులన్నీ నెమ్మదిగా తిరిగింది. తడి వాసన తగిలిందేమో, బీరువా దగ్గర ఆగింది.

“దీని వెనక గోడ ఎలా ఉంది?”

ఏజెంటు నావైపు చూశాడు.

“బాగానే ఉంది,” అన్నాను.

“అనుమానముంటే జరిపి చూపిస్తానండీ,” అన్నాడాయన, చొక్కా చేతులు మడుస్తూ.

“అక్కర్లేదండీ,” అందావిడ నవ్వుతూ. “పరాయివాళ్ళా చెప్పింది? నా తోడబుట్టిన చెల్లెలేగా.”