రెండు స్తంభాల లిఫ్టు

లిఫ్టు రెండు స్తంభాల మధ్య నేల మీది ఇనుప పట్టీకి తగిలి కలీం చక్రాల కుర్చీ ఆగిపోయింది.

షగుఫ్తా వెనక నుంచి గట్టిగా తోసింది. ముందు చక్రాలు ఎక్కలేదు.

“ఇది వద్దు,” అన్నాడు పక్కన నిలబడ్డ పెద్దాయన. “ఇంకోటి చూడు.”

షార్జాలో కార్ల లిఫ్టులు అమ్మే షాపు అది. భార్యాభర్తలిద్దరూ పొద్దున్నే కొండల అవతల సముద్రం ఒడ్డునున్న కల్బా నుంచి బయలుదేరి వచ్చారు.

కలీంది ప్రొద్దుటూరు. మంచి మెకానిక్ అని పేరు. కరోనా తగ్గిన ఏడాది రోడ్డు ప్రమాదంలో నడుము కింద భాగం చచ్చుబడిపోయింది. షగుఫ్తాకు స్కూల్లో టీచరు ఉద్యోగం ఉంది కాబట్టి వీసా నిలిచింది, ఇల్లు నిలిచింది.

ప్రమాదానికి ముందు అతను ముచ్చటపడి కొన్న పాత జీపు మాత్రం ఇంటి పక్క షెడ్డులో అలాగే తుప్పు పడుతోంది.

నేల మీద పడుకుని బండి కిందికి దూరడం ఇక కుదరదు. బండినే పైకి లేపితే కుర్చీలో కూర్చుని పని చేసుకోవచ్చు కదా అన్నది షగుఫ్తాయే.

షాపులో అమ్మకాలు చూసే షర్మిల భీమవరం అమ్మాయి. తెలుగువాళ్ళని తెలియగానే ఒక్కొక్కటీ ఓపిగ్గా చూపించడం మొదలుపెట్టింది. అంతలో ఈ తెల్లగడ్డం పెద్దాయన నెల్లూరు యాసతో మధ్యలో దూరాడు.

“షాపు మేనేజరు, ముదీర్ అయ్యుంటాడు,” షగుఫ్తా భర్త చెవిలో అంది. “పెద్దది అంటగట్టల్లని చూస్తాండాడు.”

ఆమె కన్ను ఒక కారును ఎత్తి పట్టుకున్న, కత్తెరలా లేచే చిన్న లిఫ్టు మీద ఉంది.

“మాకిది చాలమ్మా. షెడ్డులో సరిపోతాది.”

“అబ్బాయ్, దాని కిందికి పొయ్యి గేర్‌బాక్స్ పట్టుకో, చూద్దాం,” అన్నాడు పెద్దాయన.

కలీం వెళ్ళాడు. కారు నడిమి భాగానికంతా లిఫ్టు ఇనుప చేతులే అడ్డం. వేళ్ళు కూడా దూరలేదు.

“ఇదీ వద్దు.”

నాలుగు స్తంభాల లిఫ్టు దగ్గరికి వెళ్ళారు. దాని మీది కారును కలీం చేతికి అందేంత కిందికి దించితే, అడ్డదూలం అతని నుదుటికి తగిలింది.

“ఇదీ వద్దు. పద.”

షాపులో ఉన్నవాళ్ళు పని మానేసి చూస్తున్నారు. కలీం ముఖం కందిపోయింది.

షగుఫ్తా ఇక ఆగలేదు. “చాలు పెద్దాయనా. అందరి ముందరా ఆయన్ని ఎందుకిట్ల సతాయిస్తారు? పాండి, ఇంటికి పోదాం.”

పెద్దాయన ఆమె వైపు చూడలేదు.

“నువ్వు మెకానిక్కువేనా అబ్బాయ్, లేకపోతే షాపు చూసి పోదామని వచ్చావా?”

కలీం చేతులు చక్రాల మీద బిగుసుకున్నాయి.

ప్రమాదం తర్వాత అతనితో అందరూ గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళే. మెకానిక్కువేనా అని నిలదీసిన మనిషి ఈయనొక్కడే.

“చూపీండి,” అన్నాడు.

మూలన రెండు స్తంభాల లిఫ్టు ఇంకొకటి ఉంది. రెంటినీ కలిపే దూలం పైన ఉంది. కింద నేల ఖాళీ. దాని మీద ఒక పికప్ నిలబెట్టి ఉంది.

షగుఫ్తా తోయబోయింది. కలీం చేత్తో వద్దని సైగ చేసి, తనే చక్రాలు తిప్పుకుంటూ లోపలికి వెళ్ళాడు. ఏదీ అడ్డు తగల్లేదు.

“ఇంకొంచెం దించమ్మా. ఆ... చాలు,” అన్నాడు పెద్దాయన షర్మిలతో.

కలీం చేతిలో స్పానర్ పెట్టాడు. “ఆ బోల్టు.”

మొదటిసారి చెయ్యి జారింది. కలీం కుర్చీ బ్రేకు వేసుకుని మళ్ళీ పట్టాడు. బోల్టు కదిలింది. ఊడదీశాడు. మళ్ళీ బిగించాడు.

ఎవరూ చెప్పకుండానే పక్క బోల్టు మీదికి పోయింది చెయ్యి. నల్లటి నూనె చుక్క చెంప మీద పడింది. తుడుచుకోలేదు.

అతని ముఖం చూసి షగుఫ్తా గొంతు మెత్తబడింది. “మా షెడ్డు రేకులు కిందికుండాయి పెద్దాయనా.”

“రేకులు పైకి లేపించుకోవచ్చమ్మా. నీ మొగుడికి ఇదే సరిపోయింది.”

“ఇది మాకు దొరుకుతాదా?” కలీం అడిగాడు.

షర్మిల పెద్దాయన వైపు చూసింది.

“దొరుకుద్ది. వీళ్ళ పేరున రాసెయ్యమ్మా,” అని ఆయన బయటికి నడిచాడు.

ఇంటి ఓనరు ఒప్పుకున్నాడు. రేకులు పైకి లేచాయి. షెడ్డులో లిఫ్టు నిలబడింది.

షగుఫ్తా స్కూలు నుంచి వచ్చేసరికి కలీం జీపు కిందే ఉండేవాడు. ఇంజన్ దించాడు, ఎక్కించాడు. సముద్రపు గాలి తిన్న రేకంతా కోసి కొత్తది అతికించాడు. చేత్తో వేసే బ్రేకు, ఆక్సిలరేటరు పెట్టించి, బండిని తనిఖీలో పాస్ చేయించాడు. తనూ డ్రైవింగ్ పరీక్ష పాసయ్యాడు.

చలికాలం మొదట్లో ఒకరోజు జీపు తాళం చేతిలో పట్టుకుని భార్యను పిలిచాడు.

“యల్లా, పా పోదాం. ఆ ముదీర్‌కు చూపిచ్చి వద్దాం.”

కొండ ఎక్కేటప్పుడు జీపు ఒక లారీని దాటేసింది. కలీం గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో షగుఫ్తాకు గుర్తు రాలేదు. కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

షాపు ముందు హారన్ కొడితే షర్మిల బయటికి వచ్చింది. జీపును చూసింది, డ్రైవర్ సీట్లో కలీంను చూసింది, చేతులు నోటికి అడ్డం పెట్టుకుంది.

“మీ ముదీర్‌ను పిలువమ్మా. తెల్లగడ్డం పెద్దాయన్ని.”

“ఆయన ముదీర్ కాదు సార్. దక్షిణామూర్తి గారని, మా కస్టమరు. రిటైరయ్యి, పోయిన నెలే నెల్లూరు వెళ్ళిపోయారు.”

“కస్టమరా? మరి లిఫ్టు దొరుకుతాదని ఆయనెట్ల చెప్పినాడు?”



“ఆ మోడల్ అప్పుడు మా దగ్గర ఒక్కటే ఉంది సార్. దాన్ని నెల్లూరులో తన ఇంటి గ్యారేజీకని ముందే కొనేసుకుని, ఆ రోజు సామానుతో పాటు కంటైనర్‌లో పంపించడానికి తీసుకెళ్దామని వచ్చారాయన.”