పాస్‌వర్డు ఉండాల్సిన చోట

"పాస్‌వర్డు రాయడం మర్చిపోయారు," అంది రికార్డుల అమ్మాయి, స్క్రీను మీద వేలు పెట్టి.

ఆ కంటి ఆసుపత్రిలో రోగుల రికార్డులకి బ్యాకప్ ఏర్పాటు చేయడానికి కంపెనీ పంపిన కంప్యూటర్ మెకానిక్ తల అడ్డంగా ఊపాడు. యాభై దాటిన మనిషి.

"మర్చిపోలేదమ్మా. ఈ బ్యాకప్ సెట్టింగుల ఫైల్లో దానికి పెట్టిన పేరే ఉంటుంది. అసలుది కంప్యూటరు విడిగా గుర్తుపెట్టుకుంటుంది. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అంటారు."

"ఫైల్లోనే రాసేస్తే ఓ పనైపోతుంది కదా!"

"ఫైలు పదిమంది చేతుల్లో పడుతుందమ్మా."

ఆమెకి పాత సంగతి గుర్తొచ్చింది.

"నిజమేలెండి. నాకు ముందు ఇక్కడ చేసిన మహానుభావుడు అలాగే రాసిపెట్టాడట. ఎవడో అది చూసి కంప్యూటర్లోకి దూరి రికార్డులూ, బ్యాకప్పూ రెండూ తుడిచేశాడు. పన్నెండేళ్లవి గంగలో కలిశాయి! మా డాక్టరమ్మ ఆయన్ని తిట్టని రోజు లేదు. మొహం చూడకపోయినా నేనూ ఓ రెండు తగిలిస్తుంటాను."

"తిట్టాలి మరి," అన్నాడాయన.

పాస్‌వర్డు ఆమెతోనే కొట్టించాడు. కొడుతున్నంతసేపూ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. డాక్టరమ్మ ఆ రోజు ఊళ్లో లేదు. పాస్‌వర్డు కాగితం మీద రాయించి, కవరు అంటించి, ఆవిడ రాగానే బీరువాలో పెట్టించమన్నాడు. కంప్యూటరు ఆపి, మళ్లీ వేసి, ఒకటి కాదు, నాలుగుసార్లు చూశాడు. ఈలోగా ఆమె బస్సు కాస్తా వెళ్లిపోయింది.

ఆమెకి చిర్రెత్తుకొచ్చింది. ఆయన ఎదుటే కంపెనీకి ఫోను చేసింది.

"ఈ చాదస్తపు మనిషిని ఇంకోసారి పంపకండి బాబూ!"

ఆయన పని పూర్తయిన కాగితం మీద సంతకం పెట్టి, సంచీ తీసుకుని వెళ్లిపోయాడు.

నెల తిరిగింది.

సెలవుల జాబితా పంపబోయి, ఆమె ఆ సెట్టింగుల ఫైలునే రోగులందరికీ మెయిల్ చేసేసింది. రెండు వేల మందికి!

ఉద్యోగం ఊడినట్టే అనుకుంది.

డాక్టరమ్మ పరుగున వచ్చింది. "పాస్‌వర్డు కూడా పోయిందా? మళ్లీనా?"

ఫైలు తెరిచారు. ఆ చోట పేరు తప్ప ఏమీ లేదు.

ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది.

"ఎవరమ్మాయ్ ఈ పుణ్యాత్ముడు? పిలిపించు, చేతులెత్తి దణ్ణం పెడతాను."

ఆమె కంపెనీకి ఫోను చేసింది.

"వద్దన్నది మీరే కదండీ? ఆ వారమే పని మానేశారాయన. ఎక్కడున్నారో తెలీదు," అన్నారు అవతలివాళ్లు.

ఆమెకి తల కొట్టేసినట్టయింది. ఆయన సంతకం పెట్టిన కాగితం వెతికి తెచ్చి డాక్టరమ్మకి ఇచ్చింది.

డాక్టరమ్మ ఆ సంతకాన్ని చాలాసేపు చూసింది.

"ఇది మన పాత హాజరు పుస్తకం నిండా ఉంటుందమ్మాయ్," అంది మెల్లగా. "మనం రోజూ తిట్టేది ఈయన్నే."