మిగిలిన విత్తనాలు

పచ్చడి గుండిగ దబ్బున బోర్లాపడింది.

పరుగున వచ్చిన సుహాసిని టీచరుకు వంటశాలలో ఒక అపరిచిత వృద్ధురాలు కనిపించింది. ఆమె కుడిచేతికి మోచేతి దాకా కాలిన మచ్చ. గోడవారన వంటమనిషి గీత బిగుసుకుపోయి నిలబడి ఉంది.

"ఎవరమ్మా నువ్వు?"

"శాంతమ్మను. ఈ పచ్చడి పిల్లోళ్ళకు పెట్టొద్దు తల్లీ. ఇయి ఇత్తనాల శెనక్కాయలు. మందు పట్టిచ్చినవి."

ఆ మాట నిజమే. ఎర్రమిట్ట హాస్టలు బడికి సుహాసిని ఈ ఏడే మదనపల్లె నుండి వచ్చింది. బడిలోని సేద్యపు సంఘం ఆమె చేతిలోనే ఉంది. నిన్న పిల్లల చేత రెండెకరాలలో వేరుశనగ విత్తించింది. పురుగు పట్టకుండా మందు కలిపిన విత్తనాలు మూడు సేర్లు మిగిలాయి. గింజ పారవేయడం పాపమని, కడిగించి వంటశాలకు పంపింది.

"నాలుగు నీళ్ళలో కడిగించినాను. రంగంతా పోయింది."

"రంగు పోతాది. మందు పోదు. నేను ఐదు నీళ్ళు పోసి కడిగినాను."

"ఎప్పుడు?"

వృద్ధురాలు భోజనాల సావడి వైపు చూసింది. అరవై మంది పిల్లలు కంచాల ముందు కూర్చుని ఉన్నారు.

"మూడో వరస కొసన కూర్చోనుండారే, ఆ బిడ్డలకు గూడా చెప్పు తల్లీ. ఇంగా కంచాలు పట్టుకోనే ఉండారు."

మూడో వరుస కొసన ఎవరూ లేరు.

"అవ్వ గుండిగంతా తానే తిన్నేదానికి వచ్చినట్టుండాది మేడమ్!" అంది తొమ్మిదో తరగతి శ్రుతి. పిల్లలు పకపకా నవ్వారు.

సుహాసినికి కోపం ముంచుకొచ్చింది. "పిల్లల నోటికాడి కూడు నేలపాలు చేసినావు. మళ్ళీ వస్తే పోలీసులకు పట్టిస్తాను."

"ఆ దారి నాకు తెలుసులే తల్లీ."

సుహాసిని ఆమె రెక్క పట్టుకుంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆ చేయి బోరు నీళ్ళంత చల్లగా ఉంది. పెరటి గడప దాటించి తలుపు గడియ వేసింది.

ఆ పూట పిల్లలు సాంబారుతో తిన్నారు. గీత నేలపాలైన పచ్చడి ఎత్తి పెరట్లో పోసింది.

గంట గడిచింది.

"మేడమ్, చేను సూడండి!" గీత కేక వేసింది.

పచ్చడి తిన్న కాకులు పదిహేడు, నిన్న విత్తిన సాళ్ళలో చచ్చి పడి ఉన్నాయి. సాలు తప్పకుండా, ఎవరో విత్తినట్లు.

సుహాసిని గేటు దగ్గరికి పరుగెత్తింది.

"రంగప్పా, ఇందాక వెళ్ళిన అవ్వ యాడికి పోయింది? చేతి మీద కాలిన మచ్చ ఉండాది. శాంతమ్మంట. నేను ఆమె కాళ్ళు పట్టుకోవల్ల."

ఇరవై ఏళ్ళుగా గేటు కాస్తున్న రంగప్ప స్టూలు మీది నుంచి మెల్లగా లేచాడు.

"పొద్దున్నించీ నేను గేటు తీయనే లేదమ్మా."

మొలలోని తాళంచెవి తీసి చూపించాడు.

"కొన్నేళ్ళ కిందట గూడా మిగిలిన ఇత్తనాలు కడిగి వండమన్నింది అప్పటి పెద్దసారే. వద్దు సారూ అని ఆయమ్మ మొత్తుకున్నింది నేను ఇన్నాను. కోర్టులో ఆ మాట చెప్పలేకపోతిని."

"ఎవరు రంగప్పా ఆమె?"

"ముగ్గురు బిడ్డలకు ఇసం పెట్టిందని మేము జైలుకు పంపిచ్చిన వంటామెమ్మా, ఆడనే పానం ఇడిసి నాలుగేళ్ళాయ."